జుర్రేరు లోయ: రాయి దొరికిన చోటు, మనిషి బతికిన చోటు

గిన్నెలు తోమే పొడిలో గరుకుదనం కోసం ఏదో ఒక గట్టి నూక కలపాలి. బనగానపల్లె దగ్గర, జుర్రేరు వాగు లోయలో ఉన్న జ్వాలాపురం చేలల్లో ఆ పనికి పనికొచ్చే తెల్లటి పదార్థం మనిషి ఎత్తున పేరుకుని ఉంది. దాన్ని తవ్వి, బస్తాలకెత్తి పంపుతారు. వేళ్ళ మధ్య నలిపితే పిండిలా మెత్తగా ఉంటుంది, పంటి కింద పడితే మాత్రం కరకరమంటుంది. సూక్ష్మదర్శినిలో చూస్తే అవి పగిలిన గాజు బుడగల పెంకులు. కొన్నిటి అంచులు వంపు తిరిగి ఉంటాయి, కొన్ని మూడు కొమ్మల పంగల్లా కనిపిస్తాయి. గిన్నె మీది జిడ్డును గీకేది ఆ అంచులే. సుమారు 74,000 ఏళ్ళ కిందట, ఇక్కడికి దాదాపు 2,600 కిలోమీటర్ల దూరాన, సుమాత్రా దీవిలో తోబా అగ్నిపర్వతం బద్దలైనప్పుడు గాలివాటున వచ్చి రాలిన బూడిద అది.

ఆ బూడిద గురించి రాసేవాళ్ళంతా ఒకే ప్రశ్నతో మొదలుపెడతారు. అంత ఉత్పాతాన్ని ఇక్కడి మనుషులు తట్టుకున్నారా, తుడిచిపెట్టుకుపోయారా? 2007లో పురావస్తు పరిశోధకులు మైకేల్ పెట్రాగ్లియా, రవి కొరిశెట్టర్ బృందం జ్వాలాపురంలో బూడిద కిందా పైనా రాతి పనిముట్లు చూపించి, రెండిటి పోలికా ఒకటేనని ప్రకటించింది. చర్చ అప్పటినుంచీ నడుస్తూనే ఉంది. తట్టుకున్నారనేవాళ్ళు ఒక పక్క, అడవులే పోతే మనుషులెలా మిగులుతారనేవాళ్ళు ఇంకో పక్క. ఈ పంచాయితీలో ఒక మెట్టు ఎక్కకుండానే దాటేశారని నాకనిపిస్తుంది. పనిముట్టు దొరికిన చోటే మనిషి బతికిన చోటు అనుకుని ఇరుపక్షాలూ మాట్లాడుతున్నాయి. ఆ రెండు చోట్ల మధ్య ఒక వాగు ఉంది, వేల వానాకాలాలున్నాయి, మీటర్ల కొద్దీ మన్ను ఉంది. లోయ సంగతి తేలకుండా మనిషి సంగతి తేల్చడమంటే, సర్వే చెయ్యకుండా గట్టు తగాదా తీర్చడమే.

జుర్రేరు పెద్ద ఏరేమీ కాదు. ఎర్రమల కొండల నీళ్ళు పట్టుకుని తూర్పుకు పారి కుందూలో పడుతుంది, కుందూ వెళ్ళి పెన్నలో కలుస్తుంది. లోయ అంచుల కొండలు నెత్తిన కొట్టినట్టు బల్లపరుపుగా ఉంటాయి. పైన పాణ్యం క్వార్ట్‌జైట్ అనే గట్టి రాయి టోపీలా కూర్చుని ఉండడమే దానికి కారణం. దాని కింద ఔకు షేల్, రేకులు రేకులుగా ఊడిపోయే మెత్తరాయి. ఆ కింద నార్జి సున్నపురాయి. మన ఇళ్ళల్లో బేతంచెర్ల బండలని పరుచుకునే నాపరాయి ఈ జాతిదే. అన్నిటికీ అడుగున బనగానపల్లె గులకరాతి పొర, ఒకప్పుడు వజ్రాల కోసం గుంటలు తవ్వింది ఈ పొరలోనే. భూగర్భశాస్త్రం పుస్తకాల్లో ఈ పేర్లు చదువుతుంటే ఆ జిల్లా బస్సు బోర్డులు చదువుతున్నట్టే ఉంటుంది.

లోయ కథంతా ఈ వరసలోనే ఉంది. మధ్యలో ఉన్న షేల్ వానకు త్వరగా అరిగి వెనక్కి జరుగుతుంది. పైన క్వార్ట్‌జైట్ చూరులా ముందుకు వేలాడుతుంది. కొన్నాళ్ళకు బరువాగక పెద్ద పెద్ద గుండ్లుగా విరిగి వాలు మీదికి దొర్లుతుంది. మనిషి తలదాచుకునే చూర్లు కొన్ని ఇలా ఏర్పడతాయి, చూరు కింద ఉన్నవి కప్పుకుపోవడమూ ఇలాగే జరుగుతుంది. వాననీళ్ళు బీటల గుండా దిగి సున్నపురాయిని కొద్దికొద్దిగా కరిగించుకుంటూ, లోపల సొరంగాలు చేసుకుంటూ, కొండ పాదం దగ్గర బుగ్గగా బయటపడతాయి. యాగంటి కోనేటికి నీళ్ళు ఇలాగే వస్తాయి. వాగు ఎండిపోయే వైశాఖంలో కూడా బుగ్గ ఊరుతూనే ఉంటుంది. పాత రాతియుగం మనుషులు మన దేశంలో ఎక్కడ గట్టిగా నిలబడ్డారని అడిగితే, ఇలా ఊటలూ రాయీ రెండూ ఉన్న పాత అవక్షేప శిలల పల్లాల్లోనని కొరిశెట్టర్ చాలాకాలంగా వాదిస్తున్నారు. నేనూ ఆ పక్షమే. పెద్ద నది ఒడ్డు కంటే బుగ్గ ఒడ్డు నమ్మకమైనది. నది వరదొచ్చి ముంచుతుంది, ఎండొచ్చి ఎండగడుతుంది. బుగ్గకు ఆ రెండు పేచీలూ తక్కువ.

బుగ్గ ఇంకో పని కూడా చేస్తుంది. భూమిలో ఉన్నప్పుడు నీళ్ళు బొగ్గుపులుసు వాయువును పట్టుకుని ఉంటాయి, అందుకే సున్నాన్ని మోయగలుగుతాయి. బయటికొచ్చి రాళ్ళ మీద పలచగా పారగానే ఆ వాయువు ఎగిరిపోతుంది. ఇక సున్నాన్ని మోసే శక్తి ఉండదు, నాచు మీద, ఆకుల మీద, పుల్లల మీద తెల్లగా పేరుకుపోతుంది. తూఫా అంటే అదే. వంక మధ్యలో ఆ పేరుకున్నది అడుగు ఎత్తు లేస్తే వెనకాల మడుగు కట్టినట్టే. మడుగులో బురద దిగుతుంది, తుంగ మొలుస్తుంది, జంతువులు నీళ్ళకొస్తాయి, వాటి వెనక మనుషులు వస్తారు. పెద్ద వానకు ఆ తూఫా కట్ట తెగితే మడుగు ఒక్క రాత్రిలో ఖాళీ. వందల ఏళ్ళ బురద, అందులోని పనిముట్లు కిందికి కొట్టుకుపోతాయి. లోయ అడుగు ఒకేసారి నిండిందనో, మెల్లమెల్లగా నిండిందనో ఒక్కమాటలో తేల్చేవాళ్ళను నేను నమ్మను. ఇలాంటి లోయ నిండుతుంది, తెగుతుంది, మళ్ళీ నిండుతుంది.

ఇక బూడిద. జ్వాలాపురం తవ్వకాల్లో ఒకచోట బూడిద మందం సుమారు రెండున్నర మీటర్లు. ఆ అంకె చూసి లోయ మొత్తం మీద రెండున్నర మీటర్ల బూడిద కురిసిందనుకుంటే అంతకంటే పెద్ద పొరపాటు లేదు. ఆకాశం నుంచి నేరుగా రాలింది అడుగున ఉన్న కొన్ని సెంటీమీటర్లే. అది శుభ్రంగా, మన్ను కలవకుండా, ఒకే తీరుగా ఉంటుంది. పైనున్నదంతా తర్వాత వానలు కొండవాలు నుంచి కడిగి తెచ్చి పల్లంలో పోసింది. అందులో సన్నటి చారలు, మట్టి రేకులు, నీళ్ళ అలల గుర్తులు కనిపిస్తాయి.

లెక్క చూడండి. నేరుగా కురిసింది 5 సెంటీమీటర్లు అనుకుందాం. పల్లంలో చేరింది 250 సెంటీమీటర్లు. అంటే పల్లంలో ఒక చదరపు మీటరు మీద కూర్చున్న బూడిద, దారిలో ఏమీ పోలేదనుకున్నా, 50 చదరపు మీటర్ల వాలు నుంచి రావాలి. నిజానికి చాలా భాగం వాగులో పడి కుందూకు, అక్కడినుంచి సముద్రానికి పోయి ఉంటుంది కాబట్టి ఇంకా ఎక్కువ నేల నుంచే వచ్చి ఉండాలి. తిప్పి చెప్పుకుంటే, బూడిద మందంగా ఉన్న ప్రతిచోటుకూ వెనకాల, బూడిద పూర్తిగా కడుక్కుపోయిన నేల దానికి యాభై రెట్లు ఉంది. ఆ వాలు మీద కూడా మనుషులు తిరిగారు, రాళ్ళు చెక్కారు. ఆ రాళ్ళిప్పుడు ఎక్కడున్నాయి? కొన్ని బూడిదతో పాటే పల్లానికి దొర్లాయి. కొన్ని అక్కడే మిగిలి, ముందు వెయ్యేళ్ళవీ వెనక యాభై వేల ఏళ్ళవీ ఒకే గులకరాళ్ళ కుప్పలో కలిసిపోయాయి. వాటికి వయసు చెప్పే దారి లేదు. వయసు చెప్పలేనిది పటం మీదికి ఎక్కదు.

నేను చెప్పదలచుకున్నది ఇదే. ఆ కాలపు ఆవాసాల పటమని మనం చూస్తున్నది సగం మనుషుల పటం, సగం మన్ను ఎక్కడ నిలిచిందో చెప్పే పటం. దానికి తోడు పరిశోధకులు కూడా బూడిద ఉన్న చోటే వెతుకుతారు, తేదీ చేతికందేది అక్కడే కనుక. తప్పు పట్టడం లేదు, ఎవరైనా అదే చేస్తారు. కానీ అలా గీసిన పటం చూపించి, వీళ్ళు పల్లంలోనే బతికారు, కొండెక్కలేదు అంటే మాత్రం ఒప్పుకోలేను.

పల్లంలో కూడా బూడిద ఎందుకు మిగిలింది? నీళ్ళు నిలిచే చోటు కాబట్టి. జ్వాలాపురంలో బూడిద అడుగున ఉన్నది తడి నేల బంకమన్ను, అంటే అక్కడ లోతు లేని చెరువో చిత్తడో ఉండేది. పొడినేల మీద 5 సెంటీమీటర్ల బూడిద మొదటి రెండు మూడు వానాకాలాలకే చెదిరిపోతుంది. చిత్తడిలో పడింది మాత్రం కదలదు, పైన ఇంకా చేరుతుంది. మనుషులకేమో చిత్తడి ఒడ్డు కావాలి కానీ చిత్తడి నడుమ పడుకోరు. కాబట్టి బూడిద బాగా దాచిపెట్టింది వాళ్ళు నీళ్ళకొచ్చిన చోటును, వేటమాంసం కోసిన చోటును. పొయ్యి రాజేసుకుని పడుకున్న చోటు ఇంకా ఎగువన ఎక్కడో ఉండి ఉంటుంది.

తేదీల సంగతి. బూడిద వయసు గట్టిది. మలేషియాలోని లెంగాంగ్ లోయలో తోబా బూడిదలో దొరికిన స్ఫటికాల్లో ఏళ్ళ తరబడి పేరుకున్న ఆర్గాన్ వాయువు కొలతలతో తోబా పేలుడు 73,880 ఏళ్ళ కిందటిదని, అటూ ఇటూ 320 ఏళ్ళ తేడాతో, 2012లో లెక్క తేలింది. ఇక్కడి బూడిద దానిదేనా అన్నది గాజు రసాయన కూర్పు పోల్చి చెప్తారు. బూడిదకు కిందా పైనా ఉన్న మన్నుకు మాత్రం ఆ పద్ధతి పనికిరాదు. దానికి వాడింది కాంతి ఉద్దీపన పద్ధతి. ఇసుక రేణువు మీద ఆఖరిసారి ఎండ ఎప్పుడు పడిందో అది చెప్తుంది. జ్వాలాపురంలో బూడిద కింది మన్నుకు 77,000, అటూ ఇటూ 6,000. పైదానికి 74,000, అటూ ఇటూ 7,000.

ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి "పేలుడు అయిన వెంటనే మనుషులు మళ్ళీ కనిపించారు" అని రాసేస్తుంటారు. అంకెలు ఆ మాట అనడం లేదు. కిందిది 71,000 నుంచి 83,000 మధ్య ఎక్కడైనా ఉండొచ్చు, పైది 67,000 నుంచి 81,000 మధ్య. రెండూ ఒకదాని మీద ఒకటి పడుకున్నాయి. కింది మనుషులకూ పై మనుషులకూ మధ్య ఎడం పదేళ్ళే కావచ్చు, పదివేల ఏళ్ళూ కావచ్చు. పదివేల ఏళ్ళంటే లోయ ఖాళీ అయ్యి, అడవి మళ్ళీ మొలిచి, వేరే దిక్కు నుంచి వేరే మనుషులు వచ్చి స్థిరపడటానికి కావలసినంత కాలం. తట్టుకున్నారనడానికీ పోయారనడానికీ ఈ తేదీలు సాక్ష్యం కావు.

ఈ పద్ధతిలో పొరపాటు ఎక్కడెక్కడ దూరుతుందో తెలిస్తే ఆ ప్లస్సు మైనస్సులను అంత తేలిగ్గా తీసుకోరు. తవ్విన గోడను ముందు పారతో చెక్కి ఎండ తగలని మన్ను దాకా వెళ్ళాలి. జానెడు పొడవున్న ఇనుప గొట్టాన్ని గోడలోకి సుత్తితో దిగ్గొట్టి, రెండు కొనలూ నల్లటి మూతతో బిగించి తీస్తారు. ప్రయోగశాలలో మసక ఎర్ర దీపం వెలుతురులో విప్పి, కొనల దగ్గరి మన్ను పక్కన పెట్టేస్తారు. మధ్యలోదాన్ని ఆమ్లంతో కడిగి సున్నం తీసేస్తారు, హైడ్రోజన్ పెరాక్సైడుతో కుళ్ళిన ఆకూ అలమూ తీసేస్తారు. జల్లెడ పట్టి మిల్లీమీటరులో పదోవంతు నుంచి అయిదోవంతు మధ్య రేణువులు ఏరి, హైడ్రోఫ్లోరిక్ ఆమ్లంలో ముప్పావుగంట నానబెట్టి పై పొర కరిగించేస్తారు. మిగిలిన క్వార్ట్‌జ్ రేణువుల్లో, చుట్టూ మన్నులోని రేడియోధార్మిక మూలకాల వల్ల పేరుకున్న కిరణ ప్రభావం మొత్తాన్ని కొలిచి, ఏటా ఎంత పేరుకుంటుందో దానితో భాగిస్తే వయసు.

భాగహారం చిన్నదే, చిక్కంతా భాజకంలో ఉంది. మన్నులో తేమ ఉంటే కిరణాలను కొంత మింగేస్తుంది. తేమ ఒక శాతం తప్పు వేస్తే వయసు కూడా దాదాపు ఒక శాతం తప్పుతుంది. 74,000లో ఒక శాతం 740 ఏళ్ళు. జ్వాలాపురం మన్ను మొదట చిత్తడి, తర్వాత పొడినేల. డెబ్భై వేల ఏళ్ళ సగటు తేమ ఎంత? లోయ ఎప్పుడు ఎండిందో తెలిస్తేనే ఆ అంకె పడుతుంది. అంటే మనిషి తేదీ కోసం కూడా ముందు లోయ చరిత్రే కావాలి. రెండోది, తోబా బూడిదలో కిరణాలు వెలువరించే పొటాషియం ఎక్కువ. మన్నులో గామా కిరణాలు 30 సెంటీమీటర్ల దాకా ప్రయాణిస్తాయి. బూడిద అంచుకు జానెడు దూరంలో గొట్టం దిగ్గొడితే, ఆ మన్నుకు సొంత కిరణాలతో పాటు బూడిద కిరణాలు కూడా కలుస్తాయి. గొట్టం తీసిన రంధ్రంలోనే గామా కొలిచే పరికరం పెట్టి చూడకుండా, ఆ మన్నును మాత్రమే ప్రయోగశాలలో కొలిస్తే లెక్క తప్పుతుంది. మూడోది, క్వార్ట్‌జ్ ఒక హద్దు దాటాక నిండు కుండ, ఇక ఎంత పోసినా నిలవదు. ఈ కిరణ ప్రభావాన్ని గ్రేలలో కొలుస్తారు; ఉదాహరణకు వెయ్యేళ్ళకు 2 గ్రేల చొప్పున పేరుకుంటే 74,000 ఏళ్ళకు 148 గ్రేలు. చాలా క్వార్ట్‌జ్‌లకు 150, 200 మధ్యే హద్దు. ఈ వయసు దగ్గర పద్ధతి ఇప్పటికే రొప్పుతోంది. వీటిపైన రాత్రివేళ వరదలో కొట్టుకొచ్చి ఎండే చూడని రేణువు ఒకటి, చెదపురుగులు పైకి మోసుకొచ్చిన రేణువు ఒకటి. మొదటిది వయసు పెంచి చూపిస్తుంది, రెండోది పొరలనే తారుమారు చేస్తుంది.

మరి అడవులు పోయాయనే వాదన? 2009లో మార్టిన్ విలియమ్స్, స్టాన్లీ ఆంబ్రోస్ బృందం మధ్య భారతంలో తోబా బూడిద కింది మట్టిలోని, పై మట్టిలోని సున్నపు గడ్డలను పరీక్షించింది. కింద చెట్ల గుర్తు, పైన గడ్డి గుర్తు కనిపించాయని చెప్పింది. చెట్లు ఒకరకం కర్బనాన్ని, ఎండగడ్డి ఇంకోరకం కర్బనాన్ని ఎక్కువగా పట్టుకుంటాయి, ఆ తేడా మట్టిలో కట్టే సున్నపు గడ్డలకు దిగుతుంది. పద్ధతి మంచిదే. కానీ ఆ గడ్డ ఒక ఏడాదిలో కట్టేది కాదు, వేల ఏళ్ళు పడుతుంది. పైగా నేలపై అంచున కాకుండా కొంత లోతున కడుతుంది. అది చెప్పేది సగటు కాలం సంగతే కానీ పేలుడు మరుసటి పదేళ్ళ సంగతి కాదు. జుర్రేరులో అదే పరీక్ష చెయ్యాలంటే ఇంకో ఇబ్బంది ఉంది. చుట్టూ సున్నపురాయి కొండలే. ఆ రాతి నలుసు మట్టిగడ్డలో కలిసిందంటే, రాతిలో ఉన్న పాత సముద్రపు కర్బనం కొలతను గడ్డి వైపుకు లాగేస్తుంది. అడవి ఉన్నా గడ్డిమైదానంలా కనిపిస్తుంది. గడ్డను కోసి, పలకగా అరగదీసి, సూక్ష్మదర్శినిలో నాపరాతి ముక్కలు లేవని చూసుకున్నాకే పరీక్షకు పంపాలి.

ఎదురు సాక్ష్యాల్లో నన్ను ఎక్కువ ఆలోచింపజేసేది బేతంచెర్ల దగ్గరి బిళ్ళసర్గం గవులు. 1884లో భూగర్భశాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫూట్, ఆ తర్వాత ఆయన కొడుకు హెన్రీ అక్కడ తవ్వి జంతువుల ఎముకలు కుప్పలుగా తీశారు. ఇటీవల అవే గవులను కొత్త పద్ధతుల్లో మళ్ళీ తవ్వి చూస్తే, గత రెండు లక్షల ఏళ్ళలో అక్కడి పెద్ద జంతువుల్లో దాదాపు అన్ని జాతులూ కొనసాగాయని 2014లో తేలింది. మధ్యప్రదేశ్‌లో సోన్ లోయలోని ధాబా దగ్గర కూడా పేలుడుకు ముందూ తర్వాతా పనిముట్ల వరస తెగలేదని 2020లో ప్రకటించారు. జింకలూ పందులూ నిలబడ్డ చోట, వాటిని వేటాడేవాడు మాత్రం మాయమయ్యాడనడం నాకు కష్టం. అయితే ఇది నా మొగ్గు మాత్రమే, జ్వాలాపురం గోడ చెప్పిన మాట కాదు. ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోవాలి: ఆ పొరల్లో మనిషి ఎముక ఒక్కటీ దొరకలేదు. పనిముట్ల పోలిక చెక్కే విద్య కొనసాగిందని చెప్తుంది. చెక్కిన చేయి ఎవరిదో చెప్పదు.

ఒక పొరలో పనిముట్లు దొరికితే, అవి అక్కడే చెక్కినవా, కొట్టుకొచ్చినవా అన్నది తేల్చడానికి పెద్ద యంత్రాలేమీ అక్కర్లేదు. ఓపిక కావాలి. ఒక రాతిగడ్డను చెక్కితే పనికొచ్చే పెచ్చులు కొన్నే వస్తాయి, గోరంత తునకలు వందల్లో రాలతాయి. తీసిన మన్నంతా సన్న జల్లెడలో నీళ్ళు పోసి కడిగితే ఆ తునకలు దొరకాలి. అరచేతంత పెచ్చులు మాత్రమే ఉండి చిన్న తునకలు లేకపోతే వాగు చిన్నవాటిని ఏరుకుపోయిందన్నమాట. ఒకే సైజు రాళ్ళు ఒకచోట చేరి ఉంటే వాగే వాటిని తెచ్చిపోసింది. పొడవాటి పెచ్చులన్నీ ఒకే దిక్కుకు తిరిగి పడుకుని ఉన్నా అదే అనుమానం. అంచులు వేలికి గుచ్చుకుంటున్నాయా, నునుపెక్కాయా చూడాలి. అన్నిటికంటే గట్టి రుజువు జత కలపడం: పెచ్చును అది ఊడిన రాతికి పెట్టి చూస్తే అతికితే, అవి రెండూ కలిసే పడి ఉన్నాయి.

జుర్రేరులో ఇంకో చిక్కుంది. ఇక్కడివాళ్ళు క్వార్ట్‌జైట్, చెర్ట్, కాల్సెడనీ అనే చెకుముకి జాతి రాళ్ళతో పాటు సున్నపురాయిని కూడా చెక్కారు. మెత్తటి నాపరాయి కాదు, సిలికా పట్టి గట్టిపడిన రకం. అయినా సున్నపురాయి సున్నపురాయే. నేల పైన పడి ఉంటే వాన దాని మీది గీతలను తినేస్తుంది, కొన్నేళ్ళకు గులకరాయికీ దానికీ తేడా తెలియదు. చెర్ట్ ముక్క మాత్రం నిన్న చెక్కినట్టే ఉంటుంది. నడుస్తూ ఏరిన రాళ్ళతో లెక్కగడితే వీళ్ళకు చెర్ట్ అంటే మోజని తేలుతుంది. పూడిపోయిన పొరలో లెక్కగడితే సున్నపురాయి వాటా పెరుగుతుంది. మారింది మనిషి రుచి కాదు, రాయి కరగడం.

తర్వాతి కాలానికొస్తే, సుమారు 35,000 ఏళ్ళ నుంచి ఈ లోయలోని రాతి చూరు కింద సూక్ష్మ శిలాపనిముట్లు వరసగా దొరుకుతున్నాయి. గోరు వెడల్పు బ్లేళ్ళు, పూసలు, పై పొరల్లో మనుషుల ఎముకలు. అందుకే కొందరు ఈ కాలంలో మనుషులు పల్లం వదిలి చూరు కిందికి మారారని రాస్తారు. మారి ఉండొచ్చు. కానీ అంతకు ముందు చూర్లు ఏమయ్యాయో ఆలోచించాలి. 74,000 ఏళ్ళ నాటి చూరు, షేల్ వెనక్కి జరిగి, ఎప్పుడో విరిగి వాలు మీద గుండ్లుగా పడి ఉండాలి. ఇప్పుడు మనకు నిలబడి కనిపిస్తున్న చూరు వాటి కంటే చిన్నది, వయసులో. పాత ఇల్లు కూలిపోతే, ఊళ్ళో అందరూ కొత్త ఇళ్ళే కట్టుకున్నారనుకున్నట్టు ఉంటుంది. ముచ్చట్ల చింతమాను గవిలో ఎమ్.ఎల్.కె. మూర్తి 1970ల్లో ఎముక పనిముట్లూ పొయ్యి ఆనవాళ్ళూ తీశారు. అక్కడా అదే నియమం: గవి తన పైకప్పు నిలిచిన కాలపు కథ మాత్రమే చెప్పగలదు.

దిగువన కుందూ మైదానంలో చిక్కు వేరు. అక్కడ నల్లరేగడి. ఎండాకాలం ఆ నేల నోరు తెరిస్తే మోచేతిలోతు దాకా చెయ్యి దూరుతుంది. పైనున్న చిన్న బ్లేడు ఆ నెర్రెలో జారిపడుతుంది. వానకు నేల ఉబ్బి నోరు మూసుకుంటుంది. రేగడి తనను తానే దున్నుకునే నేల. అందులో మీటరు లోతున సూక్ష్మ పనిముట్టు, అరమీటరు లోతున కుండపెంకు దొరికితే ముందూ వెనకా చెప్పకూడదు. పెద్ద రాళ్ళు ఇందుకు విరుద్ధంగా పైకి తేలుతాయి. రేగడి కింద ఉన్న గట్టి పసుపు మన్నులోకి దిగితేనే వరస నమ్మదగ్గది.

ఇంతవరకు లోయ మనిషిని నడిపింది. కొత్త రాతియుగంతో ఆ సంబంధం మెల్లగా తిరగబడుతుంది. బనగానపల్లె పక్కనే ఉన్న పాతపాడు దగ్గర రంగు గీతల కుండపెంకులు దొరికి, ఆ తరహా కుండలకు ఊరి పేరే నిలిచిపోయింది. కుందూ పరిసరాల్లో పెద్దముడియం, రూపనగుడి లాంటి ఊళ్ళలో మాడిన గింజలు తీసి చూస్తే ఉలవ, పెసర, అండుకొర్ర జాతి చిరుధాన్యాలు. ఇవి బయటినుంచి తెచ్చుకున్న గోధుమ, బార్లీల కంటే ముందునుంచీ దక్షిణాది వాలు నేలల్లో పండినవి. పశువుల మందలు వచ్చాక బుగ్గ చుట్టూ నేల గిట్టల కింద గట్టిపడుతుంది, వాన ఇంకక పారుతుంది, పారేది వాలు మన్నును పట్టుకుపోతుంది. దున్నితే మరీ. పై పొరల్లో ఎర్రమన్ను మందం పెరిగితే వెంటనే వానలు మారాయని రాయకుండా, అందులో మాడిన పుల్ల తునకలూ, పేడలో పెరిగే బూజు బీజాలూ ఉన్నాయేమో ముందు చూడాలి. అవి ఉంటే వాన కంటే మంద మీదే నాకు అనుమానం.

ఇప్పుడు లోయను మారుస్తున్నది నాపరాయి క్వారీ, బూడిద తవ్వకం. పురావస్తువాళ్ళు బూడిద తవ్వేవాళ్ళను తిట్టడం మామూలే. నాకు ఆ తిట్టు సగమే న్యాయమనిపిస్తుంది. అంత పొడవున నిట్టనిలువు గోడ తెరిచి పెట్టింది ఆ గుంతలే, పురావస్తు శాఖ తవ్వే అయిదు మీటర్ల చతురస్రాల్లో లోయ అడుగు ఆకారం ఎప్పటికీ కనిపించదు. కానీ గుంత పెరిగేకొద్దీ ఆ గోడే పోతుంది. బూడిద పై అంచు, కింది అంచు, ఆ రెండు అంచులకు అటూ ఇటూ ఒక్కొక్క మీటరు మన్ను ఉంటే చాలు, ఈ వ్యాసంలో చెప్పిన పరీక్షలన్నీ చెయ్యొచ్చు. 50 మీటర్ల పొడవు, 50 మీటర్ల వెడల్పు గుంతలో రెండు మీటర్ల చదరపు స్తంభాలు నాలుగు తవ్వకుండా వదిలేస్తే, పోయేది 2,500 చదరపు మీటర్లలో 16. వందకు ఒకటి కూడా కాదు. స్తంభం అడుగున బూడిదతో ఆపకుండా కింది బంకమన్ను మీటరు లోతు దాకా ఉంచాలి. బూడిద ఎండినప్పుడు గోడలా నిలుస్తుంది, నాలుగు వానలు తడిస్తే జారుతుంది. అందుకని పైన నాపరాతి పలకలు రెండు చూరు వచ్చేలా కప్పి, స్తంభం చుట్టూ నీళ్ళు బయటికి పోయేలా జానెడు కాల్వ తీయాలి. నాపరాళ్ళకు బనగానపల్లెలో కరువేమీ లేదు.